రెండు విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ కాలం

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది.

లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయానికి 5,540 కిలోమీటర్లు, విమాన వేగం గంటకు 900 కిలోమీటర్లు, కాబట్టి ఆరు గంటల తొమ్మిది నిమిషాల్లో దిగుతానని నీవు వేసిన లెక్క చూశాను. భాగహారం సరిగానే ఉంది. అయితే దాన్ని నమ్ముకుని అక్కడి నుంచి మరో విమానానికి వేరే టికెట్ కొనబోతున్నావని తెలిశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ఆ 5,540 అన్నది భూగోళం మీద ఆ రెండు చోట్లనూ కలిపే అతి చిన్న దారి పొడవు. ఉదాహరణకు, గ్లోబు మీద మాడ్రిడ్ దగ్గర దారం కొస పట్టుకుని న్యూయార్క్ వరకు బిగించి లాగి చూడు. రెండు ఊళ్లూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నా దారం నేరుగా పడమరకు పోకుండా, మధ్యలో ఆరు డిగ్రీల దాకా ఉత్తరానికి వంగుతుంది. బల్లపరుపు పటంలో చుట్టుదారిలా కనిపించే ఆ వంపే నిజానికి దగ్గరి దారి. విమానం దాన్ని కూడా అచ్చంగా అనుసరించదు. గాలులను, తుఫానులను, ముందే నిర్ణయించిన మార్గాలను బట్టి పక్కకు జరుగుతుంది. అందువల్ల నీ 5,540 అంకెను కనీస దూరంగా మాత్రమే తీసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది గాలి. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ నీవు వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి. గాలి వేగం గంటకు 100 కిలోమీటర్లు అనుకుంటే, వెళ్లడానికి 6 గంటల 55 నిమిషాలు, రావడానికి 5 గంటల 32 నిమిషాలు పడుతుంది. రానుపోను కలిపితే సరిపోతుందిలే అనిపిస్తుంది కాని, ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి, గాలి లేని రోజు కన్నా మొత్తం సుమారు తొమ్మిది నిమిషాలు పెరుగుతుంది. 2020 ఫిబ్రవరిలో ఒక బోయింగ్ 747 బలమైన వెనుకగాలి అందుకుని న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే చేరింది.

ఇక టికెట్ మీద వేసేది విమానం ఇక్కడి గేటు వదిలినప్పటి నుంచి అక్కడి గేటు చేరేదాకా పట్టే సమయం. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, వరుసలో ఆగడం, పైకి ఎక్కడం, దిగే ముందు చక్కర్లు, అన్నీ అందులోనే ఉంటాయి. 500 కిలోమీటర్ల ప్రయాణానికి కూడా గంటకు పైగా వేయడానికి కారణం అదే. నీ ప్రయాణానికి దాదాపు ఎనిమిది గంటలు వేస్తారు. బయలుదేరే వేళ, చేరే వేళ ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారం ఇస్తారు. ఉదయం 10కి బయలుదేరి మధ్యాహ్నం 1కి చేరుతుందని ఉంటే, అయిదు గంటల తేడా కలుపుకోవాలి.

అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ ముగించి, సాధారణంగా పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. రెండు టికెట్లు విడివిడిగా ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఆ నష్టం సాధారణంగా నీదే అవుతుంది. అందుకని రెండూ ఒకే బుకింగ్‌లో తీసుకో తల్లీ, మధ్యలో కనీసం మూడు గంటలు ఉండేలా చూడు. డబ్బు కట్టే ముందు ఆ వేళలు నాకు ఒకసారి పంపు.

ఇట్లు,
మీ నాన్న