ఆసు, రెండు ఉంటే చాలదు

సంపాదకులకు,

ఒమాహా హై-లో ఒక పోకర్ ఆట. పందెం సొమ్ములో సగం పెద్ద చేతికి (హై), సగం చిన్న చేతికి (లో) పోతుంది. అందులో చేతిలో ఆసు, రెండు ఉంటే ఫ్లాప్‌కు (బల్ల మీద మొదటి మూడు ముక్కలు పడటానికి) ముందు వచ్చిన ఏ ఆల్-ఇన్‌కైనా (ఎదుటివారు ఉన్న చిప్పులన్నీ పెట్టేయడం) కాల్ చేయవచ్చని, అంటే అంతే పెట్టి ఆటలో నిలవవచ్చని, మీ వ్యాసంలో రాశారు. కొత్తవారిని ముంచే సలహా ఇది. నిన్న రాత్రి నా చేతిలో ఆసు, రెండు, తొమ్మిది, రాణి. నాలుగూ వేరువేరు గుర్తులవి. ఎదుటాయన తన 100 చిప్పులూ పెట్టేశారు, నేనూ పెట్టాను. ఆయన దగ్గరా ఆసు, రెండే. తోడుగా ఇద్దరు రాజులు. బల్ల మీద మూడు, ఏడు, ఎనిమిది, జాకీ, రాజు పడ్డాయి. లో ఇద్దరికీ సమానం, హై పూర్తిగా ఆయనదే. 200లో నాకు దక్కింది 50.

అసలు బల్ల మీద ఎనిమిదికి మించని మూడు వేర్వేరు ముక్కలు పడకపోతే లో అన్నదే ఉండదు. అప్పుడు నా తొమ్మిది, రాణి ఏం కాపాడతాయి? వాటి స్థానంలో మరో ఆసు, మూడు ఉండి గుర్తులు కలిస్తే నేను వెనుకాడను.

ఇంకో మాట. పాట్‌లో (పోగైన పందెం సొమ్ములో) అప్పటికే 150 ఉండి నేను వేయాల్సింది 50 అయితే, మొత్తం 200లో సగటున పావు వంతు దక్కినా నష్టం లేదు. అక్కడ బలహీనమైన ముక్కలతోనూ కాల్ చేస్తాను. ఈ లెక్క మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు. దయచేసి సవరణ వేయండి.

– ఒక పాఠకుడు