‘కంప్యూటర్స్’ అన్న పేరు చూసి సీటు తీసుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్స్ చదవాలంటే అప్పు చేసైనా బీటెక్‌లో చేరాల్సిందేనని, డిగ్రీ కాలేజీకి వెళ్తే భవిష్యత్తు లేదని తల్లిదండ్రులు అనుకుంటున్నారు. ఇది నిజం కాదు. అలాగని డిగ్రీలో ఏ కంప్యూటర్ కోర్సైనా ఒకటే అనుకోవడం ఇంకా ప్రమాదం.

ముందు ఖర్చు సంగతి. తెలంగాణ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 30 శాతం సీట్లు యాజమాన్య కోటావి. వాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదు. కన్వీనర్ సీటైనా, ఎప్‌సెట్ ర్యాంకు 10,000 దాటితే బీసీ, ఈబీసీ విద్యార్థులకు సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయల వరకే వస్తుంది. ఆపైన నాలుగేళ్లూ ఇంట్లోవాళ్లే కట్టుకోవాలి.

ఇక చదువు. బీటెక్ మొదటి ఏడాది ఎక్కువగా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, డ్రాయింగ్‌తోనే గడిచిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, ఆటోమాటా, కంపైలర్ డిజైన్ వంటి అసలు సబ్జెక్టులు తర్వాత వస్తాయి. బీఎస్సీ ఎంపీసీఎస్‌లో లెక్కలు, ఫిజిక్స్‌తో పాటు కంప్యూటర్స్ మూడో వంతే. ఆటోమాటా, కంపైలర్ చాలా సిలబస్‌లలో కనిపించవు. ఆ లోటు సొంతంగా పూడ్చుకోక తప్పదు. డేటా వైపు వెళ్లాలనుకునేవారికి మాత్రం లెక్కలు, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ కలిసిన ఎంఎస్‌సీఎస్ చాలా మంచి కోర్సు, దాని విలువ మనవాళ్లు గుర్తించడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో చేరేవారు కంప్యూటర్ సైన్స్ మేజర్‌కు లెక్కలో, స్టాటిస్టిక్సో మైనర్‌గా పెట్టుకోవడం మేలు.

పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది బీకాం కంప్యూటర్స్‌లో. అది కామర్స్ డిగ్రీ. సీఈసీ చదివి అందులో చేరిన విద్యార్థికి ఇంటర్‌లోనూ డిగ్రీలోనూ లెక్కలు లేకపోతే ఐసెట్ ద్వారా ఎంసీఏకు అర్హత దొరకడం కష్టం కావచ్చు. ఆ సంగతి చాలామందికి మూడో ఏడాదిలో గానీ తెలియదు.

లెక్కలతో బీఎస్సీ చేసినవారికి దారులున్నాయి. ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే, అంటే మొత్తం ఐదేళ్లు. డిగ్రీలో లెక్కలు లేదా స్టాటిస్టిక్స్ ఉండి 60 శాతం మార్కులు వస్తే నిమ్‌సెట్ (ఎన్ఐటీల ఎంసీఏ ప్రవేశ పరీక్ష) రాసి వరంగల్ ఎన్ఐటీలో ఎంసీఏ సీటుకు పోటీ పడవచ్చు. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్‌ను డిగ్రీ మూడో ఏడాదిలోనే రాయవచ్చు.

బీటెక్కే కావాల్సిన చోట్లూ ఉన్నాయి. ఇస్రో సైంటిస్ట్-ఇంజనీర్ పోస్టులకు బీఈ, బీటెక్ అడుగుతారు. అమెరికాలో ఎంఎస్‌కు చాలా యూనివర్సిటీలు 16 ఏళ్ల చదువు చూస్తాయి, మూడేళ్ల డిగ్రీ అక్కడ సరిపోదు.

ఏ కాలేజీకి వెళ్లినా బ్రోచర్ పక్కన పెట్టి, రెండో ఏడాది విద్యార్థుల ల్యాబ్ రికార్డులు మూడు అడిగి చూడండి. మూడింటిలోనూ వేరియబుల్ పేర్ల నుంచి ఔట్‌పుట్ అంకెల దాకా ఒకేలా ఉంటే, బోర్డు మీది చూసి ఎక్కించారన్నమాట. ఆ పిల్లల్లో ఒకరిని ‘లింక్డ్ లిస్ట్‌లో మొదటి నోడ్ తీసేస్తే హెడ్ ఎక్కడికి మారాలి?’ అని అడగండి. ప్రోగ్రాం సొంతంగా రాసినవాళ్లు వెంటనే కాగితం మీద గీసి చూపిస్తారు. వారానికి ఎన్ని ల్యాబ్ పీరియడ్లో, ఒక్కో కంప్యూటర్ ముందు ఎంతమంది కూర్చుంటారో కూడా కనుక్కోండి. బీటెక్ అయినా డిగ్రీ అయినా ఈ పరీక్షలో తప్పిన కాలేజీకి డబ్బు కట్టొద్దు.

దోస్త్ (తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పోర్టల్) ద్వారా డిగ్రీలో చేరాక ఎప్‌సెట్ సీటు వస్తే ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం తిప్పించుకునే కాలేజీలున్నాయి. యూజీసీ 2018 ఉత్తర్వు ప్రకారం కాలేజీ ఒరిజినల్స్‌ను సరిచూసి వెనక్కి ఇచ్చేయాలి, తన దగ్గర ఉంచుకోకూడదు.

ఉన్నత విద్యామండలికి ఒక విన్నపం. దోస్త్ పోర్టల్‌లో ప్రతి కోర్సు పక్కన అందులో లెక్కలు ఉన్నాయో లేదో, దాని తర్వాత ఏయే ప్రవేశ పరీక్షలకు అర్హత ఉంటుందో తెలుగులో రెండు వరుసలు రాయించండి. ఆప్షన్లు పెట్టుకునే ముందే అది విద్యార్థి కంట పడాలి.

– ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, హనుమకొండ