మంత్రి గారూ, గ్యాస్ లేని ఫ్రిజ్ సంగతి కూడా చూడండి

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను విజయవాడలో ఇరవై రెండేళ్లుగా ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేరు చేస్తున్నాను. పని నేర్చుకునే రోజుల్లో ఏసీల్లో ఆర్-22 అనే గ్యాస్ ఉండేది, పాత ఫ్రిజ్‌లు కొన్నింట్లో ఇంకా ఆర్-12 కనిపించేది. తర్వాత 134ఏ, 410ఏ వచ్చాయి, ఇప్పుడు ఏసీలకి 32, ఫ్రిజ్‌లకి 600ఏ. గ్యాస్ మారినప్పుడల్లా మాకు కొత్త సామాను, కొత్త భయం. 600ఏ మంట అంటుకునే గ్యాస్, మా షాపులో పని నేర్చుకునే కుర్రాడికి ట్యూబు అతికిస్తుంటే చెయ్యి కాలింది. లీకైనదంతా గాల్లోకే పోతుంది. భూమిని వేడెక్కించడంలో 410ఏ ఒక్క కిలో వదిలితే రెండు వేల కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టేనట, ఆ లెక్క తెలిశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

చల్లబరిచే గ్యాసులు తగ్గించాలన్న ప్రపంచ ఒప్పందం, కిగాలీ సవరణకి మన దేశం 2021లో ఒప్పుకుంది. 2032 నుంచి 134ఏ, 410ఏ, 32 లాంటి హెచ్ఎఫ్‌సీ గ్యాసులు తగ్గిస్తూ 2047కల్లా 85 శాతం తగ్గించాలి. మరి వాటి తర్వాత ఏంటి అని వెతుకుతుంటే అయస్కాంతంతో చల్లబరిచే పద్ధతి కంటపడింది.

విషయం సులువే. రబ్బరు బ్యాండుని గట్టిగా సాగదీసి పెదవికి ఆనించండి, వెచ్చగా తగులుతుంది. కాసేపు అలాగే ఉంచి వదిలేసి మళ్లీ ఆనించండి, చల్లగా ఉంటుంది. గడోలినియం అనే లోహం అయస్కాంతం దగ్గర ఇంచుమించు ఇలాగే చేస్తుంది. అయస్కాంతంలోకి వెళ్తే వేడెక్కుతుంది, ఆ వేడిని నీళ్లతో లాగేసి అయస్కాంతం పక్కకి తీస్తే మొదటికన్నా చల్లబడుతుంది. కంప్రెసర్ ఉండదు, గ్యాస్ ఉండదు. ఒక్కసారికి వచ్చే తేడా రెండు మూడు డిగ్రీలే కాబట్టి, ఆ లోహపు గుళికల మధ్య నుంచి నీళ్లని అటూ ఇటూ పంపుతూ తేడాని పెంచుకుంటూ పోతారు. 1976లోనే నాసాలో బ్రౌన్ అనే ఆయన మామూలు గది వేడి దగ్గర ఇది పనిచేస్తుందని చూపించారు. 2015లో లాస్ వేగాస్‌లో ఒక వైన్ కూలర్ నమూనా కూడా ప్రదర్శనకి పెట్టారు.

మరి ఇన్నేళ్లయినా షాపుల్లోకి ఎందుకు రాలేదంటే, బలమైన అయస్కాంతాలు ఖరీదు, అవి నియోడిమియం అనే లోహంతో చేయాలి. గడోలినియం కూడా ఖరీదే, పైగా 2025 ఏప్రిల్లో చైనా దాని ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. ఇవాళే జనం ఈ ఫ్రిజ్ కొనాలని నేను అనడం లేదు, అలా చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టు.

కానీ గడోలినియం ఒక్కటే దారి కాదు. లాంతనం అనే లోహం, ఇనుము, సిలికాన్ కలిపిన మిశ్రమం ఉంది, కాస్త హైడ్రోజన్ పట్టిస్తే గది వేడి దగ్గరే పనిచేస్తుంది. దాని బరువులో నాలుగింట మూడొంతులు ఇనుమే. లాంతనం మన సముద్రపు ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజంలో ఉంది, ఆ ఇసుక శ్రీకాకుళం నుంచి మొదలుపెట్టి మన తీరంలో చాలాచోట్ల ఉంది. అదే ఇసుక నుంచి నియోడిమియం తీసేటప్పుడు లాంతనం ఎలాగూ వస్తుంది. 2025 నవంబరులో మీ ప్రభుత్వమే అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల పథకం ఒప్పుకుంది, మంచి పని. ఆ అయస్కాంతాలు కార్ల మోటార్లకీ గాలిమరలకీ వెళ్తాయి, వెళ్లాలి కూడా, అందులో కొన్నైనా చల్లదనం వైపు రాకూడదా?

ఆ మిశ్రమానికి తిప్పలున్నాయి, పెళుసు, పగుళ్లొస్తాయి, నీళ్లలో తుప్పు పడుతుంది. లోహపు పొడులతో పనిచేయడమే వృత్తిగా పెట్టుకున్న పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంది, అది మీ శాఖ కిందిదే. అక్కడి ప్రయోగశాలలో ఈ పని కోసం ఒక బల్ల, ఐదేళ్లకి సరిపడా డబ్బు, మధ్యలో ఆపేయమన్న మాట రాకుండా మీ సంతకం, ఇంతే అడుగుతున్నాను. ఇంటి ఏసీతో మొదలుపెట్టొద్దు. టీకాల పెట్టెతోనో, కిరాణా కొట్టులో ఉండే బాటిల్ కూలర్‌తోనో మొదలుపెట్టమనండి, మా లాంటి మెకానిక్‌లని ఇద్దరిని మొదటి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టమనండి. రేపు అది పాడైతే విప్పాల్సింది మేమే కదా.

కంప్రెసర్ పోయిన బాటిల్ కూలర్ బాడీలు నా షాపులో నాలుగున్నాయి. నమూనా బిగించడానికి పనికొస్తాయంటే కబురు పెట్టండి, శుభ్రం చేసి నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక ఫ్రిజ్ మెకానిక్