సంక్రాంతికి వస్తున్నాం, ఈలోగా ఇది చదువు

లీడ్స్, ఇంగ్లండ్

అమ్మకి,

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ నాన్నా, తమ్ముడూ మరదలూ క్షేమమని తలుస్తాను. సంక్రాంతికి టిక్కెట్లు తీసేశాం. విశాఖలో దిగి కారు మాట్లాడుకుని నేరుగా నరసన్నపేట వచ్చేస్తాం. తమ్ముణ్ణి ఎదురు రావద్దని చెప్పు.

ఫోనుండగా ఉత్తరమెందుకు అంటావు. ఫోన్లో అయితే నాకు తేలిన ఈ సీలియాక్ జబ్బు గురించి సగం చెప్పేసరికి నువ్వు ఏడుపు మొదలెడతావు, మిగతా సగం ఎవరికీ అందదు. కాగితమైతే వంటింట్లో గోడకి అంటించుకోవచ్చు, మరదలూ చూసుకుంటుంది.

"ఏటమ్మా, మూడు పూటలా అన్నం తినే ఇంట్లో పుట్టి నీకు గోధుమ జబ్బేటి?" అన్నావు మొన్న. న్యాయమైన ప్రశ్నే. ఈ సీలియాక్ గురించి మన దేశంలోనే పెద్ద సర్వే చేసి 2016లో అచ్చువేశారు. ఉత్తరాదిలో వందమందిలో ఒకరికి ఉంటే, దక్షిణాదిలో దాదాపు పదివేల మందిలో ఒకరికి తేలింది. చిత్రమేమిటంటే ఈ జబ్బుకి దారితీసే జన్యువులు వాళ్ళకీ మనకీ ఇంచుమించు ఒకే పాళ్ళలో ఉన్నాయి. తేడా అంతా కంచంలోనే. వాళ్ళు రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటే మనవైపు 25 గ్రాములే. కానీ మనింటి లెక్క ఎప్పుడో మారిపోయింది కదా. నాన్నకి సుగర్ అని తేలిన దగ్గర్నుంచి రాత్రిపూట అన్నం కుండ పొయ్యెక్కితే ఒట్టు. ఆయనకి నాలుగు చపాతీలు కాలుస్తూ నీకూ రెండు, మాకూ రెండు. పొద్దున్నేమో ఉప్మా. నాకు హాస్టల్లో పూరీ, ఇక్కడికొచ్చాక పొద్దస్తమానం రొట్టే.

అసలు జరిగేదేమిటో నాన్నకి కూడా చదివి వినిపించు. గోధుమలో, బార్లీలో, రై అనే ఇంకో ధాన్యంలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగేది దానివల్లే. అది లోపలికి వెళ్తే నా ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన బలగం నా చిన్నపేగు మీదే పడుతుంది. పేగు లోపలి గోడకి సన్నటి పోగులు నిలబడి ఉంటాయి, తిన్నదాంట్లో సారం పీల్చేవి అవే. నాకవి అరిగిపోయిన పాత తువ్వాలులా చదునైపోయాయి. ఏళ్ళ తరబడి ఐరన్ బిళ్ళలు మింగినా రక్తం పట్టకపోవడం, నోట్లో పుళ్ళు, జుట్టు ఊడటం, ఏది తిన్నా పొట్ట ఉబ్బరం, అన్నిటికీ మూలం ఇదే. నువ్వు వండిపెట్టిన ములగాకూ తోటకూరా ఎక్కడికి పోయాయని అడిగేదానివి చూడు, అక్కడికే పోయాయి. నీ పెంపకంలో లోపమేమీ లేదు, ఇంక ఆ మాట ఎత్తకు.

ఇది ఎలర్జీ కాదు. ఎలర్జీ అయితే తిన్న కాసేపటికే దద్దుర్లో ఆయాసమో వస్తుంది. ఇది నెమ్మదిగా లోపల తినేస్తుంది. అంటుకోదు. మందు లేదు, ఉన్నదల్లా గ్లూటెన్ మానేయడమే, అదీ జన్మంతా. పిన్ని చెప్పిన పసరు వద్దని మెల్లిగా చెప్పు, బాధపడుతుంది పాపం.

నాన్నకి చరిత్ర ఇష్టం కాబట్టి ఇదొకటి రాస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో హాలండ్‌లో తిండికి కరువొచ్చింది. విలెమ్ డికే అని అక్కడ పిల్లల డాక్టరు. ఆయనకి అప్పటికే గోధుమ మీద అనుమానం ఉంది. రొట్టె దొరక్క ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. మళ్ళీ రొట్టె రాగానే జబ్బూ తిరగబెట్టింది. అలా తేలింది సంగతి.

మొదట్లో నాకు పాలూ పడేవి కావు. పాలలో చక్కెరని అరిగించే ఎంజైము ఆ పోగుల కొసల్లోనే ఉంటుందట, అవి పోతే అదీ పోతుంది. పెరుగు పర్వాలేదు గానీ కాఫీ తాగితే కడుపులో గుడగుడలు. పేగు మానుకున్నాక పాలు మళ్ళీ పడుతున్నాయి. కాబట్టి మందస కోవా తెప్పించొచ్చు. పిండి కలపని చోటే కొనమను.

ఇప్పుడు వంటిల్లు. అన్నం, పప్పు, కూరలు, చేపలు, మాంసం, గుడ్లు, పెరుగు దేనికీ అడ్డు లేదు. చోళ్ళు, గంటెలు, కొర్రలు, జొన్నలు తింటాను. ఇడ్లీ రవ్వ బియ్యందే, దానికి భయం లేదు. ఉప్మా రవ్వ గోధుమది, ఆ డబ్బాలు రెండూ పక్కపక్కన పెట్టకు. సేమియా, మైదా, పరోటా, బిస్కెట్లు, బ్రెడ్డు నా దరికి రాకూడదు. పాలలో కలిపే మాల్టు పొడులు బార్లీవి, అవీ వద్దు.

నువ్వు ఊహించనిది ఇంగువ. డబ్బాలో అమ్మే బంధాని ఇంగువలో అసలు ఇంగువ కొంచెమే, మిగతాది జిగురూ పిండీ. ఆ పిండి చాలాసార్లు గోధుమదో మైదానో అయి ఉంటుంది. పులిహోరలో, చారులో, మాగాయ పోపులో చిటికెడే కదా అనుకుంటావు. గ్లూటెన్ లేదని రాసుకోవాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలోనూ, ఇక్కడా నియమం. అంత చిన్న కొలతతో పని. డబ్బా వెనక చదువు, కొన్నిటి మీద బియ్యప్పిండి అని ఉంటుంది, అలాంటిదైతే సరే. లేకపోతే నేనున్నన్నాళ్ళూ వెల్లుల్లి పోపే వెయ్యి. కొట్లో కొన్న సాంబారు పొడిదీ ఇదే కథ.

రెండోది పిండి మర. అరిసెలకి తడిబియ్యం పట్టిస్తావు కదా. మనకంటే ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటారు. మర ఆగాక రాళ్ళ మధ్యా, గొట్టంలోనూ, ఆ గుడ్డ సంచి అంచులోనూ మిగిలిన పిండి మనదాంతో కలిసి మన డబ్బాలోకే దిగుతుంది. మరవాడు సంచిని ఓ దులుపు దులిపి "అయిపోయిందమ్మా" అంటాడు గానీ నాకది చాలదు. ఈసారికి ఇంట్లో మిక్సీలోనే పట్టి జల్లించు. ఆ జల్లెడ కూడా కొత్తది కొను, పాతదాని కన్నాల్లో చపాతీ పిండి ఇరుక్కుని ఉంటుంది. చోడిపిండి కూడా అంతే, కొట్లోది కాకుండా చోళ్ళు కడిగి, ఆరబెట్టి, ఇంట్లోనే ఆడించు.

గారెలు ముందు వేసెయ్యి, మరదలి కజ్జికాయలు ఆ తర్వాత. పూరీ వేగిన నూనెలో నాకేదీ వేయించొద్దు. నాకో పెనం, ఓ గరిటె వేరే పెట్టించు. చపాతీ పీట వంటింటి గట్టు మీంచి దింపి మూల పెట్టు. బంధువులిళ్ళకి భోజనానికి ఒప్పుకోవద్దు. "ఒక్క ముద్దకి ఏమవుద్ది" అంటారు, వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. నేను కాఫీ తాగి అరటిపండు తింటాను. నన్ను వెలేసినట్టు వేరే పీట వేసి కూర్చోబెట్టడం మాత్రం వద్దు. నలుగురితో కలిసే తింటాను, వండటమే వేరు.

వ్రతం సంగతి నువ్వడగలేదు గానీ నీ మనసులో ఉందని తెలుసు. సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమ నూకతోనే కదా, వద్దంటే కళావతి కథ గుర్తొచ్చి నీ గుండె దడదడలాడుతుంది. పంతులుగారిని అడుగు. గోధుమ పిండి లేకపోతే బియ్యప్పిండి వాడొచ్చని ఆ కథలోనే ఉంది. వరినూకతో చేయించు, అందరికీ అదే పంచుదాం. ఎవరైనా నసిగితే కథ తెరిచి చూపించు.

ఇంత రాసి అసలు మాట చివరికి ఉంచాను. నువ్వు పరీక్ష చేయించుకోవాలి.

ఈ జబ్బున్నవాళ్ళ తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో దాదాపు పదిమందికి ఒకరికి ఉంటుందని చెప్తారు. మా గుంటకి ఇక్కడ చేయించాం, ప్రస్తుతానికి ఏమీ లేదు. నాన్నా తమ్ముడూ కూడా చేయించుకోవాలి, కానీ నా భయం నీ గురించే. నీకు పెళ్ళైన దగ్గర్నుంచీ రక్తం తక్కువే. ఆ బిళ్ళలూ, ఆ నీరసం, మోకాళ్ళూ నడుమూ లాగడం, అన్నీ వయసు మీద తోసేస్తావు. అదే అయి ఉంటుందనడం లేదు, రక్తం తగ్గడానికి కారణాలు బోలెడు. తెలుసుకుందామంటున్నానంతే.

లాబ్‌లో టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష అని చెప్పు, తమ్ముడి ఫోన్లో కూడా పెట్టాను. దాంతోపాటు టోటల్ ఐజీఏ కూడా చూడమనండి. ఐజీఏ అంటే రోగాల మీద పోరాడటానికి ఒంట్లో తయారయ్యే ఒక మాంసకృత్తు. కొందరికి ఆ ఐజీఏయే తక్కువ, అలాంటప్పుడు జబ్బున్నా మొదటి పరీక్ష బాగుందనే చూపిస్తుంది. మీ దగ్గర చెయ్యకపోతే రక్తం తీసి విశాఖ పంపిస్తారు.

ఒక్కటే జాగ్రత్త. నా ఉత్తరం చూసి ఇవాళ్టినుంచే చపాతీ మానేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. మానకు. గోధుమ తింటూ ఉంటేనే పరీక్షలో దొరుకుతుంది. పరీక్షకి ముందు కనీసం ఆరు వారాలు, రోజూ ఒక పూట కంటే ఎక్కువే గ్లూటెన్ తింటూ ఉండాలని ఇక్కడి డాక్టర్లకి నియమం. నువ్వు రాత్రి రెండు చపాతీలు తింటున్నావు కదా, పొద్దున్న ఉప్మా కూడా తిను. అందుకే పండక్కి ఇంత ముందుగా రాస్తున్నాను. ఎక్కువ వచ్చిందంటే కంగారుపడి మానేయొద్దు, ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి రవ్వంత ముక్క తీసి చూసేదాకా అలాగే తినాలి. ఆ గొట్టానికి భయపడకు, నేను పక్కనే ఉంటాను, ఆ రెండు రోజులూ శ్రీకాకుళంలో ఉండిపోదాం.

రిపోర్టు రాగానే తమ్ముడి చేత ఫొటో తీయించి పంపించు. నాన్న చేత తీయించకు, సగం వేలే పడుతుంది.

అందరినీ అడిగానని చెప్పు.

నీ పెద్దమ్మాయి