ఇల్లు అమ్మే ఆలోచనలో ఉన్నవారికి

అందరికీ నమస్కారం.
ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మన అపార్ట్‌మెంటు మేడ మీద కలుద్దాం. విజయనగరం రిజిస్ట్రేషన్ వ్యవహారాలు బాగా తెలిసిన దస్తావేజు లేఖరి ఒకరు వస్తున్నారు.

దస్తావేజు, లింకు పత్రాలు (పాత యజమానుల దస్తావేజులు), తాజా ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఇంటిపన్ను రసీదు జిరాక్సులు తెచ్చుకోండి. అసలు పత్రాలు బీరువాలోనే ఉండనివ్వండి. బ్రోకరు ఎంత తెలిసినవాడైనా చేతికివ్వకండి.

ఎక్కువమంది తడబడేది అడ్వాన్సు దగ్గరే. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. చెక్కు గానీ బ్యాంకు బదిలీ గానీ అడగండి. మిగతా డబ్బుకు గడువు అగ్రిమెంటులో రాయించండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ (మీకిచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుంటారు. అది చట్టమే, గొడవపడకండి!

కంటోన్మెంటులో ఎవరో ఎంతకో అమ్మారని మనమూ అదే ధర పట్టుకుని కూర్చుంటే ఫ్లాట్‌కు తాళమే మిగులుతుంది. గోడల చెమ్మను రంగు వేసి దాచకండి, మొదటి వానకే బయటపడుతుంది.

ఇంటి రుణం ఇంకా ఉన్నవారు నాకు విడిగా రాయండి.

వచ్చేవారు శనివారం రాత్రిలోపు ఫ్లాట్ నంబరు ఇక్కడ పెట్టండి, కుర్చీలు చెప్పాలి. టీ నా తరఫున.