అడగని సర్వీస్ ఛార్జీ
రాజమహేంద్రవరంలో కొత్తగా తెరుస్తున్న, హంగులు మార్చుకుంటున్న రెస్టారెంట్లలో కొన్ని బిల్లులో సర్వీస్ ఛార్జీ కలిపేస్తున్నాయి. మొన్న ఆదివారం దానవాయిపేట వైపు ఏసీ పెట్టి మళ్లీ తెరిచిన ఒక పాత హోటల్‌కి నలుగురం వెళ్లాం. గుత్తి వంకాయ కూర బాగుంది, కాదనను. కానీ స్టీలు జగ్గు, గ్లాసులు మాయం. అడగకుండానే నీళ్ల సీసా మూత తీసి ముందు పెట్టారు. రూ.840 తింటే సర్వీస్ ఛార్జీ రూ.84 వేసి, దానిమీద కూడా 5 శాతం జీఎస్టీ లెక్కగట్టారు. అదేమంటే ‘సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్’ అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. ఈ ఛార్జీ తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. అధికారులు నెలకోసారైనా బిల్లులు తనిఖీ చేయాలి. ‘సర్వీస్ ఛార్జీ మీ ఇష్టం, మామూలు తాగునీరు ఉచితం, ఫిర్యాదులకు 1915’ అని ప్రతి కౌంటర్ దగ్గర తెలుగులో బోర్డు పెట్టించాలి.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం