లింగోట్టో పెద్దాయనకు

ఇటలీలోని టూరిన్‌లో, లింగోట్టో దగ్గర ఎటు వెళ్ళాలో తెలీక నిలబడ్డ మమ్మల్ని పిలిచి, వెంటబెట్టుకుని అంతా చూపించిన పెద్దాయనకు కృతజ్ఞతలు. పేరడిగితే నవ్వేసి చెయ్యూపారు. ఈ తెలుగు ఆయన దాకా వెళ్ళదని తెలుసు, అయినా రాస్తున్నా.

అది 1923లో తెరిచిన ఫియట్ ఫ్యాక్టరీ. ముడిసరుకు కింద దిగేది. ఒక్కో అంతస్తూ ఎక్కుతూ కారు తయారయ్యేది. అయిదంతస్తులు దాటాక నేరుగా మిద్దె మీదికే, అక్కడి ట్రాక్ మీద పరీక్ష! "మరి కిందికెలా దిగేవి?" అంటే, ఆయన మాట్లాడకుండా మమ్మల్ని మెలికలు తిరిగే ర్యాంపు దగ్గరికి నడిపించారు. తలెత్తి చూస్తే కాంక్రీటు దూలాలు పూరేకుల్లా విచ్చుకుని ఉన్నాయి. ఫ్యాక్టరీకి ఇంత అందం దేనికో! 1982లో ఉత్పత్తి ఆగింది. ఇప్పుడక్కడ దుకాణాలు, పైన ఆర్ట్ గ్యాలరీ, ట్రాక్ పొడవునా మొక్కలు.

మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారు ఫొటో ఫోన్‌లో చూపించాను. మన దేశంలో తయారైన ఫియట్ 1100యే కదా అది, చూడగానే పోల్చుకున్నారు. ఇంజన్ ఎలా ఉండేది, గేరు ఎక్కడుండేది అంటూ సగం ఇంగ్లీషులో, సగం చేతులతో ఒకటే ప్రశ్నలు. మా ఊళ్ళో దాన్ని పద్మిని అని ఎవరూ అనేవారు కాదు, ఫియట్టే అనేవారంటే ఎంత మురిసిపోయారో.

కాఫీ డబ్బులు కూడా మమ్మల్ని ఇవ్వనివ్వలేదు. అదొక్కటే అన్యాయం, పెద్దాయనా.